మామ జగ్గులో సీతాఫలం

ఉప్పల్ రోడ్డులో మెట్రో స్తంభాలు లేచి, వాటి మీదికి రైలు ఇంకా ఎక్కని రోజులవి. అప్పట్లో మనిషి అసూయ పడాలంటే ఇప్పటిలా ఫోను తెరిచి ఎవరెవరు ఎక్కడెక్కడ తిరిగొచ్చారో చూడక్కర్లేదు, ఆదివారం అత్తగారింటికి వెళ్తే చాలు. నాకు కొత్తగా పెళ్ళయింది. నాచారంలో రెండు గదుల అద్దె ఇల్లు, అదే నాచారంలో కొత్త ఉద్యోగం, కొత్త మిక్సీ, కొత్త దుప్పట్లు. వాటన్నిటితోపాటు కొత్తగా వచ్చి చేరింది కడుపుమంట. అల్సరేమో అనుకునేరు, కాదు. దానికి కారణం దమ్మాయిగూడలో సొంతిల్లు కట్టుకుని ఉండేది: మా ఆవిడ అక్క మొగుడు, అంటే నా తోడల్లుడు. ఇప్పుడు నా చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి కాబట్టి సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ రోజుల్లో ఆయన పేరు వింటే నాకు అన్నం సహించేది కాదు. ఆయన చేతి గ్లాసు మాత్రం బాగా సహించేది. అసలు గొడవంతా అక్కడే ఉంది.

ఆయనను ఇంట్లో అందరూ శర్బత్ బావ అనేవాళ్ళు. బ్యాంకులో ఆఫీసరు. వారమంతా సంతకాలు పెట్టిన చేతులు ఆదివారమొస్తే పండ్ల మీద పడేవి. మా అత్తమ్మ ముందు మందు అనే మాట ఎత్తడానికి వీల్లేదు, దేవుడి పటాలున్న ఇంట్లో అవేం మాటలని ఆమె పట్టింపు. అందుకని రమ్మయినా బ్రాందీ అయినా ఆ గుమ్మం దాటగానే శర్బతైపోయేది. (ఆమెకూ తెలుసు. గ్లాసులు కడిగేది ఆమే కదా.) ఆయన చేసేది మామూలు కలపడం కాదు మరి. ఎండాకాలం బంగినపల్లి గుజ్జులో పచ్చిమామిడి రసం పిండి, గ్లాసు అంచుకు ఉప్పూకారం అద్ది ఇచ్చేవాడు. వానలు పడగానే నేరేడు పండ్లు, నల్లుప్పు. చలికాలం జామపండు, పచ్చిమిర్చి చీలిక. పుట్టినరోజులూ పెళ్ళిరోజులూ వస్తే ఇక మిఠాయిల మీదికి పోయేవాడు. ఒకసారి డబుల్ కా మీఠా పాకంలో పాలు, కుంకుమపువ్వు, రమ్ము కలిపి, పైన నేతిలో వేయించిన రొట్టెముక్క నిలబెట్టి ఇచ్చాడు. అది నేను మూడు గ్లాసులు తాగి, "మంచిగనే ఉందన్నా, జర తీపెక్కువైంది" అని వచ్చాను. ఆడవాళ్ళకూ పిల్లలకూ రమ్ము పోయనిది వేరే గిన్నెలో చేసేవాడు. అది తాగిన మా ఆవిడ, "బావ చేతిల ఏముందో గానీ" అని మొదలుపెట్టేది. బస్సులో అనేది, మెట్లెక్కుతూ అనేది, ఒకసారి నేను ఎంతో ఇష్టంగా ఉప్మా చేసి వడ్డిస్తుంటే కూడా అంది. ఇంతకీ ఆ ఆదివారాల్లో నా పనేమిటంటారా? గోనెపట్టాలో ఐసు చుట్టి, రోకలిబండతో పగలగొట్టడం.

మా మామగారు రైల్వేలో గూడ్సు బండి నడిపేవారు. తక్కువ మాటలు, ఎక్కువ మీసం. డ్యూటీకి వెళ్ళేటప్పుడు వెంట ఒక నీలం రంగు ప్లాస్టిక్ నీళ్ళ జగ్గు ఉండేది, మూత బిగిస్తే పొద్దున వేసిన ఐసు సాయంత్రందాకా కరగని రకం. ఇంజన్ వేడిలో ఏళ్ళ తరబడి తనతో తిరిగిన జగ్గని దాన్ని ఇంకొకరిని ముట్టనిచ్చేవారు కాదు. చేతికి గ్లాసు అందించగానే ఆయన తాగరు. వేలు ముంచి మూడు చుక్కలు నేల మీద చల్లి, పోయిన పెద్దలను తలచుకుని, అప్పుడు ఒక గుక్క వేస్తారు. వేశాక అనేది ఒక్కటే మాట: "అల్లుడా, మస్తుగుందయ్యా." ఆ మాట శర్బత్ బావకు. నేనూ అల్లుణ్ణేనని మీకు గుర్తుందిగా? మామగారికి గుర్తుండేది కాదు. ఇంటికెవరైనా వస్తే ముందు ఆయనను చూపించి, "ఈయన మా అల్లుడు" అనేవారు. తర్వాత నా వైపు తిరిగి, కాసేపు ఆగి, "ఈయన మా చిన్నదాని ఇంటాయన" అనేవారు. నన్ను పిలవాల్సి వస్తే "ఏమయ్యా" తోనే సరి. మా ఇద్దరి కాళ్ళూ పెళ్ళిలో కడిగింది ఆయనే కదా. నా కాళ్ళు కడిగేటప్పుడు నీళ్ళు తక్కువ పోశారేమోనని పెళ్ళి వీడియో వెనక్కి తిప్పి మరీ చూసుకున్నాను. (సమానంగానే పోశారు. అయినా నా మనసు ఒప్పుకోలేదు.) నాకు ఆయన ఇల్లు వద్దు, వాకిలి వద్దు. అందరి ముందు, గ్లాసు చేత్తో పట్టుకుని, నన్ను ఒక్కసారి "అల్లుడా" అంటే చాలు. నా కోరిక అంతే, నా గోల కూడా అంతే.

ఇక నా ఉద్యోగం సంగతి. నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న ఎసెన్సుల ఫ్యాక్టరీ. మీరు ఐస్‌క్రీముల్లో, బిస్కెట్లలో తినే మామిడి, అనాస, గులాబీ వాసనలు చాలామటుకు అలాంటి రేకుల షెడ్లలోనే పుడతాయి. నేను ల్యాబులో అసిస్టెంటును. తూచడం, కలపడం, సన్నటి కాగితం పట్టీని సీసాలో ముంచి వాసన చూడటం నా పని. స్నానం చేసినా వదలని ఉద్యోగం అది. సాయంత్రం బస్సెక్కితే కండక్టరు నన్ను చూడకుండానే, "ఇయ్యాల పైనాపిలా అన్నా?" అని అడిగేవాడు. మా పెద్ద కెమిస్టును అందరం ముక్కు సార్ అనేవాళ్ళం. ఆయన గోడ మీద పెద్దక్షరాలతో ఒక నియమం రాయించాడు: చేసినవాడు వాసన చూసి పాస్ చేయరాదు. రోజంతా ఒకే వాసనలో మునిగిన ముక్కుకు ఆ వాసన తెలియడం మానేస్తుంది, అదీ కారణం. అందుకని మేం సరుకు చేశాక గేటు దగ్గరి వాచ్‌మన్‌నో, ఆఫీసులో టైపు కొట్టే మేడమ్‌నో పిలిచి పట్టీ చూపించేవాళ్ళం. "నీ ముక్కును నమ్మకు బిడ్డా, పక్కోని ముక్కును నమ్ము" అని ముక్కు సార్ రోజుకు నాలుగుసార్లు చెప్పేవాడు. నేను నాలుగుసార్లూ తలూపేవాణ్ణి.

అలా ఉండగా మామగారు రిటైరయ్యారు. సరిగ్గా సీతాఫలాల కాలం. ఆదివారం మధ్యాహ్నం ఉప్పల్‌లో వాళ్ళ ఇంటి డాబా మీద షామియానా వేసి, తనతో బండ్లు నడిపిన వాళ్ళందరికీ దావత్ ఇవ్వాలని నిర్ణయమైంది. వారం ముందు అందరం కూర్చుని ఏమేం వండాలో మాట్లాడుకుంటుంటే శర్బత్ బావ, తాను ఖుబానీ కా మీఠాతో, అంటే ఎండు ఆప్రికాట్ల మిఠాయితో, ఒకటి చేస్తానని ప్రకటించాడు. మా ఆవిడ అప్పుడే లొట్టలు వేసింది. అంతటితో ఊరుకున్నాడా, నా భుజం మీద చెయ్యి వేసి, "తమ్మీ, నువ్వు గూడ ఒకటి చెయ్యరాదు? ఎప్పటికీ ఐసు పలగ్గొట్టుడేనా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మంచి మనసుతోనే అన్నాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నా ఒళ్ళు భగ్గుమంది.

"చేస్త. సీతాఫలంతోటి చేస్త" అన్నాను.

"అది కష్టం తమ్మీ" అన్నాడు ఆయన నిజంగానే బాధపడుతూ. "గింజలు తీసుడే ఒక రోజు పడ్తది. మళ్ళ పాలల్ల దాని వాసన నిలవది."

"నేను నిలబెడ్త సూడు" అని, అదే ఊపులో మామగారి వైపు తిరిగాను. "మామా, నీ నీలం జగ్గు నాకియ్యి. దాంట్లయితే చల్లగుంటది."

ఉల్లిగడ్డలు కోస్తున్న అత్తమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపేసింది. శర్బత్ బావ ఇన్నేళ్ళలో ఆ జగ్గు ఒక్కసారి కూడా అడగలేదట. మామగారు మీసం అటు ఇటు సవరించుకుని, లోపలికి వెళ్ళి, జగ్గు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "పైలమయ్యా. నాతోటి మస్తు దూరం తిరిగింది గది" అన్నారు. ఇచ్చేటప్పుడు కూడా "అయ్యా" నే. సరే, ఆదివారం చూద్దాంలే అనుకున్నాను.

ఆ వారమంతా మా ఫ్యాక్టరీలో సీతాఫలమే నడిచింది. పెళ్ళిళ్ళ సీజను ముందు ఐస్‌క్రీము వాళ్ళు ఎక్కువ అడుగుతారు. సోమవారం నుంచి శనివారందాకా నేను దాన్నే తూచాను, దాన్నే కలిపాను, దానిలోనే అన్నం తిన్నాను. శనివారం సాయంత్రం ముక్కు సార్ దగ్గరికి పోయి, ఇంట్లో ఐస్‌క్రీము చేసుకుంటాం సార్ అంటే, ఆయన బొటనవేలంత శాంపిల్ సీసా చేతిలో పెట్టి, "కిలోకు ఒక మిల్లీ. డ్రాపర్‌తోటి పొయ్యి. ఎవరికన్న వాసన సూపియ్యి" అన్నాడు. అలవాటు ప్రకారం తలూపాను. మా ఆవిడ వంటల సాయానికి శనివారమే పుట్టింటికి వెళ్ళిపోయింది. ఇంట్లో నేనూ, జగ్గూ, నారపల్లి దాటి వెళ్ళి బుట్టల వాళ్ళ దగ్గర ఏరి ఏరి తెచ్చిన సీతాఫలాలూ మిగిలాం.

ఆదివారం తెల్లవారి లేచి గింజలు తీయడానికి కూర్చున్నాను. శర్బత్ బావ చెప్పింది అబద్ధం కాదు, నడుము పడిపోయింది. గుజ్జు జల్లెడలో వేసి రుద్ది, చిక్కటి పాలు, మీగడ, తెల్ల రమ్ము పోసి జగ్గులో గిలకొట్టాను. వాసన చూశాను. ఏమీ లేదు. డ్రాపర్‌తో లెక్కగా పోసి మళ్ళీ చూశాను. పాలు, మీగడ, రమ్ము అన్నీ తెలుస్తున్నాయి, సీతాఫలం మాత్రం లేదు. దాని వాసన నిలవదన్న ఆయన మాట చెవిలో గింగురుమంది. డ్రాపర్ పక్కన పడేసి మూతతో పోశాను. అప్పుడే తలుపు చప్పుడైంది. ఇంటి ఓనరమ్మ. "ఏం చేస్తున్నవ్ బాబూ? కిందిదాక ఒకటే వాసనొస్తుంది!" అంది. ఈమె ముక్కు పక్కవాళ్ళ ముక్కే కదా, వాసన చూపించవచ్చు కదా? అలా ఎలా చూపిస్తాను? ఈమె మా ఆవిడతో ఫోనులో మాట్లాడుతుంది, మా ఆవిడ వాళ్ళ అక్కతో చెబుతుంది, అక్క మొగుడికి చేరుతుంది. నా రహస్యం దమ్మాయిగూడ చేరడానికి పది నిమిషాలు చాలు. "సీతాఫలాలు ఒలుస్తున్న ఆంటీ" అని తలుపు వేసేశాను. చూశారా, వట్టి పండ్లకే ఇంత వాసనంటే పండ్లు మంచివన్నమాట, ఇక దీనిలోకి రావాల్సిందే తరువాయి అని మురిసిపోయి ఇంకో మూత పోశాను. ఇంకోటి. ఆఖరికి సీసా బోర్లించి అడుగు తట్టాను. అప్పుడు ఎక్కడో, చాలా దూరంగా, సీతాఫలం లాంటిది లీలగా తగిలింది. చాలు, మరీ ఎక్కువైనా బాగోదు అనుకుని మూత బిగించాను.

ఆటోలో ఉప్పల్ వెళ్తుంటే డ్రైవరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, "అన్నా, సంచిల పండ్లేమన్న పలిగినయా?" అన్నాడు. ఇది మూత బిగించి ఉండగా. దాన్ని కూడా నేను పొగడ్తగానే తీసుకున్నాను.

డాబా మీద అందరూ వచ్చి కూర్చున్నారు. మామగారు కొత్త తెల్లచొక్కాలో, మెడలో పూలదండతో మధ్య కుర్చీలో ఉన్నారు. ముందు శర్బత్ బావ గ్లాసులొచ్చాయి: అడుగున ఉడికించిన ఖుబానీ గుజ్జు, మధ్యలో బ్రాందీ కలిపిన పాలు, పైన మీగడ, దాని మీద ఖుబానీ గింజలోంచి తీసిన పప్పు. ఆ గింజలు ఒక్కొక్కటీ కొట్టి పప్పు తీశాడు మహానుభావుడు! మామగారు మూడు చుక్కలు చల్లి, ఒక గుక్క వేసి, "అల్లుడా, మస్తుగుందయ్యా" అన్నారు. అతిథులు కూడా ఏదో అంటున్నారు, నాకు వినబడలేదు. నా కళ్ళు ఆయన గ్లాసు మీదే ఉన్నాయి, అది ఎప్పుడు ఖాళీ అవుతుందా అని. ఖాళీ అయింది. నేను నీలం జగ్గు పట్టుకుని మధ్యలోకి నడిచి, అందరూ చూసేలా మూత తిప్పాను.

మొదట ముందువరుసలో ఒక పెద్దమనిషి తుమ్మాడు. ఆ వెనక ఇంకొకాయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. మెట్ల మీద బిర్యానీ గిన్నె మోసుకొస్తున్న ఇద్దరు ఆగిపోయారు. నాకేమో ఏమీ తెలియడం లేదు, అందరూ ఆశ్చర్యపోతున్నారని ఛాతీ విరుచుకుని గ్లాసు నింపి మామగారికి అందించాను. ఆయన పెద్దమనిషి తరహాగానే మూడు చుక్కలు చల్లారు. (ఆ మూడు చుక్కలు పడిన చోట దీపావళి దాటాక కూడా ఎవరూ కూర్చోలేదు.) ఒక గుక్క వేశారు. కళ్ళలోంచి నీళ్ళు జారి మీసంలోకి దిగాయి. పెద్దలను తలచుకుని ఏడుస్తున్నారేమో అనుకున్నాను, నా ఆశకు హద్దు లేదు. ఆయన మెల్లగా గ్లాసు కింద పెట్టి, నా వైపు చూసి అడిగారు:

"ఏమయ్యా, గిది తాగేదా, పూసుకునేదా?"

డాబా మొత్తం ఘొల్లుమంది. శర్బత్ బావ మాత్రం నవ్వలేదు. పరుగున వచ్చి నా చేతిలోంచి జగ్గు తీసుకుని, "ఏం గాదు తమ్మీ, జర పాలు కలుపుదాం" అని మళ్ళీ సాయం చేయబోయాడు. అది నవ్వడం కన్నా ఘోరం. ఎన్ని పాలు పోసినా అది తగ్గలేదు. చివరికి వంపేశారు. ఆ రోజు బిర్యానీ సీతాఫలం, పెరుగుచట్నీ సీతాఫలం, వక్కపొడి సీతాఫలం. శర్బత్ బావ రెండో విడత ఖుబానీ గ్లాసులు కూడా సీతాఫలమే అయ్యాయి. (తల ఎత్తుకోలేని ఆ పూట నాకు దక్కిన తృప్తి అదొక్కటే, దాచుకోకుండా ఒప్పుకుంటున్నాను.) మర్నాడు పక్కింటామె గిన్నె పట్టుకుని వచ్చి, "మీ ఇంట్ల సీతాఫలాలు మంచిగ పండినట్టున్నయి, రెండియ్యరాదు" అని అత్తమ్మను అడిగిందట. మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడి, "బావ అన్నడు, నువ్వు మంచి ఉద్దేశంతోనే చేసినవట" అంది. మాట్లాడకుండా ఉన్నా బాగుండేది.

అసలు దెబ్బ జగ్గుకు తగిలింది. చింతపండుతో తోమారు, వంటసోడాతో నానబెట్టారు, బొగ్గు వేసి ఎండలో పెట్టారు, నెల రోజులు మూత తీసి డాబా మీద ఉంచారు. నీళ్ళు పోస్తే మళ్ళీ సీతాఫలమే. ఫ్యాక్టరీలో ముక్కు సార్‌ను అడిగితే, "ప్లాస్టిక్ తాగేసింది బిడ్డా, ఇగ వదలది" అని చేతులెత్తేశాడు. మామగారు నన్ను ఒక్క మాట అనలేదు. జగ్గును సంచిలో కట్టి వంటింటి సజ్జ మీద, వెనక్కి తోసేశారు. కీసరగుట్టకు వెళ్ళినా, పొద్దున నడకకు వెళ్ళినా ఆయన చేతిలో కొత్తగా ఒక మామూలు నీళ్ళసీసా ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా నా ప్రాణం చివుక్కుమనేది. ఇక "అల్లుడా" అన్న మాట మీద నేను ఆశ వదులుకున్నాను. ఐసు పగలగొట్టే ఉద్యోగం మాత్రం ఎవరూ పీకలేదు.

ఏళ్ళు గడిచాయి. మెట్రో వచ్చింది, నాకు ఇద్దరు పిల్లలు వచ్చారు, లోకానికంతా ఆ కరోనా జ్వరాలు వచ్చాయి. మామగారికి కూడా వచ్చింది. ప్రాణభయం లేకుండా తగ్గింది గానీ పోతూ పోతూ ఆయన ముక్కును తీసుకుపోయింది. అందరికీ రెండు వారాల్లో తిరిగొచ్చిన వాసన ఆయనకు నెలలు గడిచినా రాలేదు. చాయ్ వేడినీళ్ళంట, పప్పుచారు వేడినీళ్ళంట. సగం అన్నానికే చెయ్యి కడిగేసుకునేవారు. చిక్కిపోయి మీసం ఒక్కటే మిగిలింది. ఒకరోజు అత్తమ్మతో, "బండి ఇంజన్ వాసన గూడ యాదికొస్తలేదే" అన్నారట, అది చెబుతూ ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. శర్బత్ బావ ఊరుకునే మనిషా? ప్రతి ఆదివారం ఒక గ్లాసు తెచ్చేవాడు: రమ్ము లేకుండా, ఒకసారి అల్లం, ఒకసారి పుదీనా, ఒకసారి నిమ్మతొక్క కాల్చి. మామగారు తాగి, తల అడ్డంగా ఊపేవారు. మామగారికి వాసన తిరిగి రావాలని నేనూ రోజూ దేవుడికి మొక్కేవాణ్ణి, అది శర్బత్ బావ గ్లాసుతో మాత్రం రాకూడదని కూడా మొక్కేవాణ్ణి. నేనెలాంటివాణ్ణో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది.

అలాంటి ఒక ఆదివారం అత్తమ్మ నన్ను సజ్జ మీదున్న పెద్ద కుక్కరు దించమంది. స్టూలెక్కి వెతుకుతుంటే కుక్కరు వెనకాల సంచి తగిలింది. విప్పి చూస్తే నీలం జగ్గు. నా పాపం అలాగే దుమ్ము పట్టి కూర్చుని ఉంది. దాన్ని పట్టుకుని హాల్లోకి వచ్చాను. మామగారు కుర్చీలో, పక్కన శర్బత్ బావ ఆ వారం గ్లాసుతో.

"ఏమన్న తెలుస్తుందా మామా?" అని ఆయన అడుగుతున్నాడు.

"నీళ్ళే గదయ్యా" అన్నారు మామగారు.

నేను జగ్గు మూత తిప్పి, లోపల ముక్కు పెట్టి పీల్చాను. ఏళ్ళ తరబడి సీతాఫలం కలిపిన ముక్కు కదా, నాకేమీ రాలేదు. "అత్తమ్మా, వాసన పోయింది. ఇగ దీన్ని వాడుకోవచ్చు" అని కేకేశాను.

వంటింట్లోంచి మా ఆవిడ అంతకన్నా గట్టిగా అరిచింది. "మళ్ళ ఏం ఒలకబోసినవయ్యా? ఇల్లంత సీతాఫలం!"

నాకు తల కొట్టేసినట్టయింది. గబగబా మూత పెట్టబోతుంటే కుర్చీ కిర్రుమంది. మామగారు తల పైకెత్తి ఉన్నారు. ముక్కుపుటాలు అదురుతున్నాయి. మా ఆవిడ అరుపు విని వాసన వస్తున్నట్టు ఊహించుకుంటున్నారేమోనని చూస్తే, ఆయన కళ్ళు మూసుకుని, దారి వెతుక్కుంటున్నట్టు ముఖం అటూ ఇటూ తిప్పి, సరిగ్గా జగ్గు వైపు తెచ్చి ఆపారు.

"సీతాఫలం" అన్నారు మెల్లగా. "సీతాఫలమే. వస్తుంది. నాకొస్తుంది." కుర్చీలో ముందుకు వంగారు. "మూత పెట్టకు అల్లుడా."

"ఆ, మామా" అన్నాడు శర్బత్ బావ. పాపం, అలవాటు.

మామగారు కళ్ళు తెరవకుండానే చెయ్యి ఊపారు. "నిన్ను గాదయ్యా. చిన్నల్లుణ్ణి."

అలాంటి క్షణంలో ఎవరైనా ఆ ముసలాయన ముఖం చూస్తారు. నేను మాత్రం, ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే, ముందు శర్బత్ బావ ముఖం చూశాను. ఏళ్ళ తరబడి నా కడుపులో మండిందంతా ఆయన కళ్ళలో ఒక్క నిమిషం చూడాలని. ఆయన గ్లాసు పట్టుకునే, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. "తమ్మీ, వచ్చింది తమ్మీ, మామకు వచ్చింది" అని నన్ను కావలించుకున్నాడు. మా ఇద్దరి మధ్య జగ్గు నలిగింది. నేను వెతికింది ఆయన ముఖంలో లేదు. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు.

ఆ తర్వాత మామగారు రోజూ పొద్దున జగ్గు మూత తీసి కాసేపు ముక్కు పెట్టుకునేవారు. వారం పది రోజులకు చాయ్ తెలిసింది, తర్వాత పోపు, ఇంకో నెలకు అగరుబత్తి. దానంతటదే తగ్గే టైము వచ్చి ఉంటుందని డాక్టరు అన్నాడు. అనుకోనీ. మా ఇంట్లో మాత్రం ఇప్పుడు ఎవరొచ్చినా మామగారు మా ఇద్దరినీ చూపించి, "ఈయన పెద్దల్లుడు, ఈయన చిన్నల్లుడు" అంటారు. సీతాఫలాల కాలమొస్తే నేనూ శర్బత్ బావా ఎదురెదురుగా కూర్చుని గింజలు తీస్తాం. ఎసెన్సు చుక్క కూడా వేయం, అయినా గ్లాసు ముందు మా ఆవిడ ముక్కు దగ్గరికి పోయి, పాసయ్యాకే మామగారి దగ్గరికి వస్తుంది. అంతా బాగుంది. నాకు కూడా వయసొచ్చింది, బుద్ధి వచ్చింది. మొన్న ఆదివారం మామగారు నేను చేసిన గ్లాసు తాగి, "మంచిగుంది అల్లుడా" అన్నారు. తర్వాత శర్బత్ బావ చేసిన గ్లాసు తాగి, "ఇంకొకటి పొయ్యి అల్లుడా" అన్నారు. నేనేమీ అనుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి ఐసు పగలగొట్టాను. కొంచెం గట్టిగానే పగలగొట్టాను.